లోయ వైపు చక్రం

డమాసో కాలు పెట్టగానే బ్రేకు పెడల్ మళ్ళీ దిగిపోయింది. తడిసిన పరుపు మీద అడుగేసినట్టు మెత్తగా, నేలదాకా. రెండోసారి తొక్కితే సగంలో ఆగింది. మూడోసారికి గట్టిపడింది. కాసేపాగి తొక్కితే మళ్ళీ మొదటికొచ్చింది.

ఆ మెత్తదనం అతని పాదానికి తెలుసు. ఏడాది కిందట ఇదే పెరట్లో అన్న టొరిబియో ట్రక్కుకి తను ముందు బ్రేకులు మార్చిన రోజున కూడా పెడల్ ఇలాగే ఉంది. రోజంతా బ్రేకు నూనెలోంచి గాలి తీశాడు, ఫలితం లేదు. టొరిబియో నవ్వి, రెండుసార్లు తొక్కితే నిలుస్తోంది కదా, ఇంకేం కావాలని క్యాబేజీ లోడుతో కొండ దిగాడు. నాలుగు మైళ్ళ దూరంలోని మలుపులో ట్రక్కు ఆగలేదు. మనిషిని రెండు రోజుల తరవాత లోయలోంచి పైకి తెచ్చారు.

మంచు కమ్మిందని పోలీసులు రాసుకున్నారు. ఆ మలుపు ఏటా ఒకరిని అడుగుతుందని ఊరంది. ఊరి మాటే డమాసోకి నచ్చింది. నచ్చక చస్తుందా? మలుపు తప్పయితే తన చేతుల తప్పు కాదు. ఎవరూ నువ్వేనని అనలేదు, అయినా సంతలో ఎవరైనా బ్రేకు అనే మాటెత్తితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. ఆ మలుపు దాటే ప్రతి బండీ రెండుసార్లు హారన్ కొట్టి, అక్కడ పోయినవాళ్ళకని ఒక సిగరెట్టు కిందికి విసిరి పోతుంది. డమాసో మాత్రం బస్సులో వెళ్తే అక్కడ కళ్ళు మూసుకుంటాడు.

ఇప్పుడు వదిన మార్సెలా అదే రకం పాత ట్రక్కు ఇంకొకటి కొంది. రేపు తెల్లారి తన క్యాబేజీ తానే నడుపుకుంటూ లా ట్రినిడాడ్ సంతకి తీసుకెళ్తుందట. బ్రేకులు నువ్వే చూడు అంది. కాదనడానికి అతనికి నోరు రాలేదు.

మూడు రోజులుగా చూస్తున్నాడు. గొట్టాలన్నీ తడిమాడు, ఎక్కడా కారడం లేదు. మాస్టర్ సిలిండర్ పాడైందని కొత్తది వేశాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, దాన్నీ తిట్టి ఇంకొకటి వేశాడు. వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు బిగించాడు. చివరికి ముందు చక్రాల రబ్బరు గొట్టాలు రెండూ నొక్కి పట్టించి చూస్తే పెడల్ రాయిలా నిలబడింది. అంటే జబ్బు ముందు చక్రాల్లోనే ఉంది. ముందు చక్రాల్లో ఉన్నవి పాత సామాన్ల కొట్టు నుంచి తెచ్చిన, చక్రాన్ని పట్కారులా నొక్కి పట్టే కాలిపర్లు రెండే. పోయినేడు అన్న బండికి తెచ్చింది కూడా ఆ కొట్టు నుంచే.

గాలి తీయడం ఇద్దరి పని. ఒకరు పైన కూర్చుని తొక్కి పట్టుకోవాలి, ఒకరు కింద పడుకుని కాలిపర్ మీద గాలి వదిలే బొడిపె, అదే నిపుల్, తిప్పి వదలాలి. పోయినేడు పైన కూర్చున్నది టొరిబియో. ఇప్పుడు మార్సెలా. కిందున్న డమాసోకి ఆమె కాళ్ళు కనబడవు, గొంతొక్కటే వినబడుతుంది.

"పట్టుకున్నా," అంది.

నిపుల్ వదిలాడు. నూనె స్వచ్ఛంగా వచ్చింది, ఒక్క బుడగ లేదు. పోయినేడూ అంతే, ఒక్క బుడగ లేదు. నూనె అతని చేతి మీదుగా మోచేతి దాకా కారి చొక్కాలోకి దిగింది. బిగించాడు. పైనుంచి పెడల్ మూలిగిన చప్పుడు వచ్చింది, ఆ తరవాత ఇంకో నిట్టూర్పు. వదినదే అయ్యుంటుంది. కానీ డమాసోకి పెడల్ మీద రెండు కాళ్ళు కాదు, నాలుగున్నాయనిపించింది. నూనెలో గాలి లేదు, ఎక్కడా కారడం లేదు, మరి పెడల్‌ని కిందికి లాగుతున్నది ఎవరు?

ఆ మాట అనేశాడు కూడా. మార్సెలా పెడల్ మీంచి కాలు తీసింది. వారం రోజులుగా టొరిబియో తనకి కలలోకొస్తున్నాడని చెప్పింది. గుమ్మంలో నిలబడతాడట. పాదాలు చల్లబడిపోతున్నాయి అంటాడట.

చచ్చినవాళ్ళు చలి అంటే ఆ కొండల్లో ఎవరూ నవ్వరు. పెట్రా అవ్వని పిలిచారు. ఆమె ఊరి మంత్రాలన్నీ తెలిసిన మనిషి, పళ్ళు లేవు గానీ నోరుంది. కోడిని కోయించి, బియ్యపు సారా నేల మీద పోసి, దుప్పటి ఒకటి మడిచి ట్రక్కు సీటు మీద పెట్టి, టొరిబియోతో పక్కింటాయనతో మాట్లాడినట్టే మాట్లాడింది. నీ పెళ్ళాం కొండ దిగాలి, అడ్డం రాకు, దుప్పటి కప్పుకుని పడుకో అని మందలించింది. ఆ తరవాత డమాసో వైపు తిరిగింది.

"నీ అన్నకి చలేస్తోందంతే. నిన్ను పట్టుకు పీడిస్తున్నది వాడు కాదు నాయనా. అదేదో నువ్వే చూసుకో," అంది.

అవ్వ వెళ్ళాక ఆశతో పెడల్ తొక్కాడు. నేలదాకా దిగింది. అతనికి ఏడుపొచ్చింది, ఉన్న మాట చెప్పాలి. దయ్యం దుప్పటి తీసుకుని వెళ్ళిపోయుంటే, ఇక మిగిలింది తనొక్కడే.

మధ్యాహ్నానికి మంచు కింది నుంచి ఎక్కి వచ్చింది. మార్సెలా బండి దిగి, నడుం పట్టేసిందని అటూ ఇటూ తిరిగి, అతని పక్కన నేల మీద కూలబడి చక్రం లోపలికి చూసింది. ఆమెకి బ్రేకుల గురించి ఏమీ తెలియదు. తెలిసిందల్లా తోటకి నీళ్ళు తేవడం. ఊట నుంచి మూడు గుట్టలు దాటించి నల్ల గొట్టంలో నీళ్ళు తెచ్చుకునే ఊరది. గొట్టం బండ మీదుగా వంపు తిరిగిన చోట గాలి చేరి నీళ్ళు ఆపేస్తుంది. ఆడవాళ్ళు వెళ్ళి ఆ వంపు నెత్తిన సూదితో పొడిచి, గాలి పోయాక అగ్గిపుల్ల దూరుస్తారు. కింద పొడిస్తే నీళ్ళొస్తాయి, గాలి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ సంగతి అక్కడ పసిపిల్లకి కూడా తెలుసు.

"గాలి తీస్తున్నానంటావు. మరి ఆ బొడిపె కిందుందేం?" అంది.

డమాసో చూశాడు. ఇరవై ఏళ్ళుగా డ్రమ్ము బ్రేకులే చేసిన మనిషి, కాలిపర్ల జోలికి వచ్చింది రెండేసార్లు. నిపుల్ నిజంగానే అడుగున ఉంది. రెండు చక్రాలకీ అడుగునే ఉంది. గాలి దాని నెత్తిన హాయిగా కూర్చుని ఉంటుంది, ఇతను కింద నుంచి ఏడాది పాటు నూనె తీసినా కదలదు.

కాలిపర్ మీద సుద్దతో కొట్టువాడు రాసిన గుర్తు ఇంకా చెరగలేదు. ఒకదాని మీద లోయ, ఒకదాని మీద కొండ. ఆ దారిలో బళ్ళవాళ్ళు ఎవరూ కుడి ఎడమ అనరు. లోడుతో సంతకి దిగేటప్పుడు లోయ ఉండేది కుడివైపు. కొట్టువాడు ఆ లెక్కనే రాస్తాడు, అందరూ ఆ లెక్కనే కొంటారు. కానీ పెరట్లో ట్రక్కు ముక్కు కొండ పైకి పెట్టి నిలబడి ఉంది. డమాసో తలెత్తి ఏ చక్రం వైపు లోయ కనబడితే ఆ చక్రానికి లోయ కాలిపర్ బిగించాడు. కుడిది ఎడమకి, ఎడమది కుడికి. బోల్టులు కిక్కురుమనకుండా ఎక్కాయి, నిపుల్ తలకిందులైంది.

పోయినేడు కూడా ట్రక్కు ముక్కు పైకే ఉంది.

రెండూ విప్పాడు. బోల్టు రెండుసార్లు జారిపడింది. అటుది ఇటు, ఇటుది అటు బిగించాడు. మార్సెలా పైకెక్కింది. పట్టుకున్నా అంది. నిపుల్ వదిలితే బుడగలే బుడగలు, ఎసరు మరిగినట్టు దాని నోట కుతకుతలాడుతూ వచ్చాయి. అన్నీ పోయేదాకా తీశాడు. రెండో చక్రానికీ తీశాడు.

"నిలబడింది," అంది మార్సెలా పైనుంచి. మళ్ళీ తొక్కింది. "రాయిలా నిలబడింది డమాసో."

అతను చక్రం పక్కనే కూర్చుండిపోయాడు. ఆ రాయి ఎక్కడ పడిందో అతనికే తెలుసు. ఏడాదిగా మలుపుని తిట్టుకున్నాడు, ఇవాళ దయ్యాన్ని. దయ్యమే నయం, కోడితో పోతుంది.

మార్సెలా దిగి వచ్చి, ముఖం మీది సంతోషంతోనే అతని చెయ్యి పట్టుకుని లేపబోయి, ఆగింది. చొక్కా ఎడమ చేతికి పొద్దుటి మరక మోచేతి దాకా ఉంది. ఇప్పుడు పైకొచ్చిన నిపుల్ పట్టుకున్న కుడిచేతికి చుక్క నూనె లేదు. బొడిపె కిందుంటేనే నూనె మోచేతి దాకా కారుతుంది. ఆమె ఒక చెయ్యి చూసింది, రెండో చెయ్యి చూసింది. సంతోషం ముఖంలోంచి మెల్లగా దిగిపోయింది.

"పోయినేడు నువ్వు ఇక్కడ విడిచిన చొక్కా నేనే ఉతికాను," అంది. "రెండు చేతులకీ మోచేతి దాకా నూనే. మూడుసార్లు సబ్బు పెట్టినా వదల్లేదు."

డమాసో వదినా అనబోయాడు, ఆ పిలుపు మీద తనకి హక్కు ఉందో లేదో తెలియలేదు. ఆమె ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు అతను విన్నాడు.

తెల్లారి వెలుగొచ్చాక మార్సెలా లోడెక్కించి, ట్రక్కు తిప్పి, అతన్ని ఎక్కమంది. ఇద్దరి మధ్యా సీటు మీద మడిచిన దుప్పటి అలాగే ఉంది. మలుపు దగ్గర పడుతుంటే డమాసో కళ్ళు మూసుకున్నాడు. రెండు హారన్ల కోసం ఎదురుచూశాడు. అవి రాలేదు. ట్రక్కు నిండు లోడుతో, ఏటవాలు మీద, ఒక్క తొక్కుతో ఆగింది.

కళ్ళు తెరిస్తే కుడివైపు లోయ. ఒట్టి మంచు, అడుగు కనబడదు.

"దిగు," అంది మార్సెలా, రోడ్డు వైపే చూస్తూ. "దుప్పటి తీసుకెళ్ళి ఆయనకివ్వు. ఎలా బిగించావో నువ్వే చెప్పు."

అతను దుప్పటి గుండెకి పట్టుకుని తలుపు తీశాడు. కాలు కింద పెట్టడానికి ధైర్యం చాలక, బండి ఏటవాలు మీద ఉంది కదా వదినా అని గొణిగాడు.

"తొందరేం లేదు. అంతా చెప్పే రా," అంది. పెడల్ మీద ఆమె పాదం కదల్లేదు. "బ్రేకు నిలబడుతుంది."