అంకమ్మ వంతు

నేను ఒక ఇనుప తలుపును. నరసరావుపేటలో ఒక వెల్డింగు కొట్టులో పుట్టి, పిల్లకాలువ తూముకు కాపలా వచ్చాను. నన్ను ఎత్తితే నీళ్లు పైపొలాలకు మళ్లుతాయి, దించితే కిందికి, చివరి పొలాల దాకా పోతాయి. ఎత్తితే లేవడం, దించితే దిగడం తప్ప నాకు వేరే విద్య రాదు. మనుషులకు చాలా వచ్చు.

పైపొలాల పెద్దరైతు బసివిరెడ్డి. కాలువ ఊట పుణ్యాన ఆయన బోర్లలో తియ్యటి నీళ్లు. చివరి పొలం అంకమ్మది. ఆమె బోరులో ఉప్పునీళ్లు. వాటిలో సగానికి సగం కాలువ నీళ్లు కలిస్తేనే పైరు బతుకుతుంది. కాలువకు నీళ్లు తగ్గిన ఏడు బసివిరెడ్డే అందరినీ నా గట్టు మీద కూర్చోబెట్టాడు.

"ఒక వారం మేం బోర్లతో సరిపెట్టుకుంటాం, కాలవ కిందికొదులుతాం. మరుసటి వారం మాది. తూము చక్రానికి తాళమేసి, తాళంచెవి అంకమ్మ కాడే ఉండనీయండి," అన్నాడు.

"నీ మాట మీద రెండెకరాలూ మిరపే ఏస్తన్నా అన్నా," అంది అంకమ్మ, చెవిని కొంగున ముడేసుకుంటూ.

తాళంతో పాటు రెండు చెవులు వచ్చాయని నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరేదీ?

రెండు నెలలు మాట నిలిచింది. మిరప పూతకొచ్చింది. అంకమ్మ వంతు నడుస్తుండగా, పట్టపగలే, బసివిరెడ్డి జేబులోంచి రెండో చెవి తీశాడు. చక్రం తిప్పి నన్ను ఎత్తేశాడు.

ఎండిన కాలువ వెంబడి అంకమ్మ పరుగున వచ్చింది.

"ఏందన్నా ఇది? నా వంతు గదా! నీ బోర్లు ఆడతానే ఉన్నయ్యే?"

"కౌలుకు తీసుకుని కొత్తగా వరేశానమ్మా. బోర్లు దానికే చాలట్లేదు. నాలుగు రోజులు నీ బోరుతో నెట్టుకురా."

"అయ్యి ఉప్పునీళ్లని నీకు తెలవదా?"

తెలుసు. అందుకే ఆయన పొలం వైపు చూస్తూ నిలబడ్డాడు. అంకమ్మ చక్రం పట్టుకుంది. ఆయన దాని మీద చెయ్యేసి కదలనివ్వలేదు. ఆనాడు సరేనని తలలూపిన పైరైతులు తమ పొలాల్లోకి నీళ్లు మళ్లే మడవలు సర్దుకునే పనిలో పడ్డారు. నా బరువంతా కిందికే లాగుతోంది, నన్ను పట్టి ఉంచిన చక్రం మర మాత్రం తిరగలేదు.

నాలుగు రోజులు ఒట్టి ఉప్పునీళ్లు తాగిన మిరప ఆకు అంచులు మాడాయి. పూత రాలింది. ఐదో రోజు వదిలిన కాలువ నీళ్లు ఎండుకట్టెలను తడిపాయి.

మరుసటి ఏడు మళ్లీ ఒప్పందమని బసివిరెడ్డి కబురంపాడు. అంకమ్మ రాలేదు. చేను బీడు పెట్టి కూలికి పోయింది. ఆమె వెనకే చివరి రైతులంతా. కిందికి నీళ్లడిగే వాళ్లు లేనప్పుడు తలుపెందుకని నన్ను ఊడబీకి తుమ్మపొదల్లో పడేశారు.

మొన్న పైపొలాల్లో నాట్లకు పోతూ అంకమ్మ నన్ను చూసి ఆగింది. తన్నుతుందనుకున్నాను. తన్నలేదు. తన్నినా బాగుండేది.