తక్కెడ కింద గోనెసంచి

చింతపండులో గింజలు తీస్తూ కూర్చున్నాను. నా కొడుకు సంపత్ డ్యూటీకి తయారై, గడపలో కూర్చుని బూట్లు వేసుకుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు. "అవ్వా, నీకు గుండెదడ ఎక్కువైందని దీపతోని చెప్పు. నా మాట ఇంటలేదు. నీకు బాగలేదంటే పోదు."

దీప అతని బిడ్డ. డిగ్రీ అయిపోయి ఏడాదైంది. ఊరూరా పెద్ద దుకాణాలు నడిపే ఒక కంపెనీ ఆమెను కొత్తగూడెంలో ఏకంగా స్టోర్ మేనేజరుగా తీసుకుంది. మూడు నెలలు శిక్షణ, ఆ తర్వాత పద్దెనిమిది మంది ఆమె కింద పనిచేస్తారు. సోమవారం చేరాలి. సంపత్‌కు అదే మింగుడుపడటం లేదు. "బస్తాలెత్తేటోళ్లు ఆడపిల్ల మాట ఇంటరా? ముందుగాల బిల్లు కౌంటర్ల కూసోని నేర్చుకోవాలె. ఒక్కసారే మేనేజరంటే నలుగురు నవ్వుతరు" అని వారం నుంచి అదే పాట.

నేను అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు. ఆ ఉద్యోగం కాగితం వచ్చినప్పటి నుంచి నిజంగానే దడగా ఉంది. ఎవరు ఇల్లు కదిలినా నాకింతే. పక్కింటి షహనాజ్ మంచిర్యాలకు పోయినప్పుడు, గోదావరి దాటితే వచ్చే ఊరే అయినా, మూడు రోజులు అన్నం సయించలేదు. ఆమె మళ్లీ రానే లేదు. మా ఆయన కొమురెల్లి "జల్ది వస్త" అంటూ దవాఖానకు ఆటో ఎక్కినవాడు ప్రాణాలతో తిరిగి రాలేదు. ఓపెన్‌కాస్టు గని కోసం మా వాడ మొత్తాన్నే ఎత్తేశారు. మా ఇల్లూ దుకాణమూ ఉన్న చోట ఇప్పుడు గొయ్యి ఉంది.

ఆ దుకాణం బోర్డు మీద 'కొమురెల్లి కిరాణం' అని ఉండేది. ఆయన బొగ్గుబాయికి పోయేవాడు. ఇరవై ఆరేళ్లు తక్కెడ పట్టింది నేను. పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదీ అక్కడే. బాయిలో షిఫ్టులు వారం వారం మారేవి. ఏ ఇంటాయన ఏ షిఫ్టులో ఉన్నాడో నాకు నోటికి వచ్చేది. వాడలో ఎక్కువమందికి మొదటి షిఫ్టు పడితే అటుకులు, రవ్వ ముందరి అరలోకి తెచ్చేదాన్ని. తెల్లారకముందే సద్దిగిన్నె కట్టాల్సిన ఆడవాళ్లకు తొందర కదా. రాత్రి షిఫ్టు వారంలో తక్కెడ కింద గోనెసంచి పరిచేదాన్ని. ఇనుప పళ్లెం బల్లకు తగిలి మోగితే, పగలు పడుకున్న వెనకింటి మనిషి లేస్తాడు. లేస్తే ఆ ఇంటి ఆడమనిషికి తిట్లు. బెల్లం, కిరసనాయిలు, కొత్త గోనె కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఒక్కోసారి ముక్కుకు తగులుతుంది.

ఒకసారి జనాభా లెక్కలాయన వచ్చి, భార్య ఏం చేస్తుందని మా ఆయన్ని అడిగాడు. "ఏం లేదు సార్, ఉత్తగనే ఇంట్ల ఉంటది" అన్నాడు. నేనప్పుడు చక్కెర తూస్తున్నాను. మంచి మనిషే మా ఆయన. ఆ మాట అన్నట్టు మర్నాటికి ఆయనకు గుర్తుండి ఉండదు.

దీప వచ్చి నా పక్కన కూర్చుని చింతపండు ముందుకు లాక్కుంది.

"బాపమ్మా, ఇంటర్వ్యూల ఏమడిగిండ్రో నీకు చెప్పనే లేదు కదా! ఎన్నడు దుకాణంల పని చెయ్యలేదు, ఒక్కసారే మేనేజరు పని ఎట్ల చేస్తవన్నరు."

"నువ్వేమన్నవ్?"

"మా బాపమ్మ షిఫ్టుకొక తీరు దుకాణం సదిరేదన్న. గోనెసంచి ముచ్చట చెప్పిన. ముగ్గురు పెన్నులు కింద పెట్టి ఇన్నరు. మీ బాపమ్మ ఏం చదివిందన్నరు."

"అయ్యో! ఏం చెప్పినవే?"

"పొట్లాలు చదివిందన్న."

ఇద్దరం నవ్వాం. నవ్వుతుండగానే నేను తీసిన గింజల్ని మళ్లీ చింతపండులోనే వేస్తుండటం చూసింది. నవ్వు ఆపేసింది.

"దడనా? నిజం చెప్పు. నువ్వు ఉండుమంటే ఉంట బాపమ్మా. ఒట్టు."

సంపత్ ఒక బూటు కట్టుకుని రెండోది చేత్తో పట్టుకుని అలాగే ఉన్నాడు. నా ఒక్క మాట చాలు, ఈ పిల్ల ఆగిపోతుంది. రోజూ ఇలా నా పక్కన కూర్చుని గింజలు తీస్తుంది. నాకెంత హాయి! పెళ్లయ్యేదాకా తీస్తుంది, ఆ తర్వాత ఇంకో ఇంట్లో తీస్తుంది. ఆ ఇంటివాళ్లు ఆమెకు ఏ పనీ లేదంటారు.

"దడ ఉన్నది బిడ్డా" అన్నాను. "నువ్వు ఉన్నా ఉంటది, పోయినా ఉంటది. అది నా బిమారి. దాన్ని నీ నౌకరికి అడ్డం పెట్టుకోకు."

"అవ్వా! గిట్లనా చెప్పేది?" సంపత్ గొంతు లేచింది.

"నువ్వు చెప్పుమన్నదే చెప్పిన కదరా. దడ ఉన్నదనే అన్న."

దీప తండ్రి వైపు చూసింది. అతను తల వంచుకుని రెండో బూటు వేసుకోసాగాడు.

"ఇగో, ఇటు ఇను" అని ఆమె భుజం పట్టుకున్నాను. "మేనేజరుగ మొదటి దినం ఎవ్వలకు పని చెప్పకు. అది సుత బొగ్గుబాయిల ఊరే, ఏ వాడకు ఏ షిఫ్టో ఆ బస్తాలెత్తేటోళ్లనే అడుగు. వాళ్లు చెప్పినట్టు ముందరి అర సదురు. ఇగ వాళ్లు నీ మాట ఇంటున్నరా లేదా, ఫోన్ చేసి మీ బాపుకే చెప్పు."