ముప్పై మందికి బానిత్సా

ఏమోయ్, ఫోను బల్ల మీద తెరిచిపెట్టి టీకి వెళ్లొచ్చే మహానుభావా! నిన్నే. ఇలా వచ్చి కూర్చో. నీలాంటి మతిమరుపు మేళాల పుణ్యమా అనే యావోర్ పదకొండేళ్లు కులాసాగా బతికాడు.

బల్గేరియా రాజధాని సోఫియాలో ఓ పెద్ద కంప్యూటర్ కంపెనీ. ఆరో అంతస్తులో యావోర్ ఉద్యోగం. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం అతని పని. సరదా మాత్రం వేరే. ఎవరైనా ల్యాప్‌టాప్‌కి తాళం పెట్టకుండా కుర్చీలోంచి లేచారా, వాళ్ల పని అయిపోయినట్టే. పిల్లిలా వచ్చి కూర్చుని, వాళ్ల పేరు మీద అంతస్తు మొత్తానికీ కబురు పంపేవాడు: "రేపు అందరికీ నా తరఫున బానిత్సా!"

అక్కడ రూలంటే రూలే. కబురు ఎవరు కొట్టినా, పేరు ఎవరిదైతే వాళ్లే మర్నాడు పొద్దున్నే బేకరీ ముందు నిలబడాలి. పొగలు కక్కే ఆ చీజ్ పొరల రొట్టెలు ముప్పై మందికి మోసుకురావాలి. వార్నా అనే ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఇస్క్రా అయితే చేరిన మూడో రోజే మోసింది, పాపం.

ఆ వారం మాత్రం అక్కడ ఎవరికీ నవ్వు రావడం లేదు. ఈ జట్టులోంచి ఒకర్ని తీసేయాలి, శుక్రవారం సాయంత్రంలోగా పేరు చెప్పాలి అని పైనుంచి ఆర్డరు వచ్చింది. అందరి చూపూ ఇస్క్రా మీదే. చేరి నాలుగు నెలలే కదా.

శుక్రవారం మధ్యాహ్నం యావోర్ కాఫీ తాగి వచ్చేసరికి ఇస్క్రా కుర్చీ ఖాళీగా ఉంది. ఎదురుగా ల్యాప్‌టాప్ బార్లా తెరిచి ఉంది.

"పిచ్చిపిల్లా, ఇంకా బుద్ధి రాలేదటే నీకు!" అని గొణుక్కుంటూ కూర్చున్నాడు. బానిత్సా కబురు పాతబడిపోయింది. ఈ ఏడుపు మొహాలు కదలాలంటే ఘాటుగా ఏదో పడాలి. "ఎవర్ని తీసేయాలా అని తలలు పట్టుకోకండి. నేనే వెళ్లిపోతున్నాను" అని టకటకా కొట్టి, మేనేజరు కలినాతో సహా అందరికీ పంపేశాడు. ఐదు నిమిషాలు గాభరా పెట్టి, "ఉత్తిదేనర్రా!" అని అరుద్దామని ప్లాను.

రెండో నిమిషంలోనే కలినా జవాబు స్క్రీను మీద పడింది. "ఇంత పెద్ద మనసు ఉంటుందనుకోలేదు. ఒప్పుకున్నాను. పేరు పైకి పంపేశాను."

అయ్యో! ఆడపిల్ల ఉద్యోగం నాలుగు మీటలు నొక్కి ఊడబీకేశాడు! కుర్చీ తన్నేసి కలినా గదిలోకి పరిగెత్తాడు.

"ఆపండి! అది ఇస్క్రా రాయలేదు, నేను రాశాను. నా బుద్ధి గడ్డి తింది! తిడితే నన్ను తిట్టండి, ఆ పిల్ల ఉద్యోగం మాత్రం ముట్టుకోకండి!"

కలినా కళ్లద్దాలు తీసి వింతగా చూసింది. "మధ్యలో ఇస్క్రా ఏమిటి, యావోర్ గారూ? ఉత్తరం మీ పేరు మీదే వచ్చిందిగా."

"నా పేరు మీదా?"

"ఊళ్లోవాళ్లందరి పేర్లతోనూ ఆటలాడతారు గానీ, సొంత పేరుతో మీరెప్పుడూ ఆడలేదు. అందుకే నిజమనుకున్నాను."

"వెనక్కి తీసుకోండి మరి!"

"మీ పేరు అందగానే పైవాళ్లు లిస్టు మూసేశారండీ."

యావోర్ గిర్రున వెనక్కి తిరిగాడు. గుమ్మంలో ఇస్క్రా నిలబడి ఉంది, మొహం పాలిపోయి.

"కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా, బాబాయ్" అంది. "నువ్వు నీదానికి తాళం పెట్టకుండా కాఫీకి వెళ్లావు. నాది నీ బల్ల మీద పెట్టి, నీది నా బల్ల మీదికి తెచ్చా."

"ఎందుకే తల్లీ?"

"ఒక్కసారి నీచేత కూడా ముప్పై మందికి బానిత్సా మోయిద్దామనుకున్నా, బాబాయ్!"