హికరీ వీధి వసారా దీపాలు

పిల్లలు తిరిగే వీధిలో బండి తోలుతూ నాకేం కాదులే అనుకునే పెద్దమనిషీ, నీకే చెబుతున్నాను. నీకేం కాదు, నిజమే. అయ్యేది నీ బండి ముందున్న పసిబిడ్డకి.

అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని హికరీ వీధిలో, హాలోవీన్ నాడు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలు వేషాలు కట్టి, వసారాలో దీపం వెలిగే ప్రతి ఇంటికీ చాక్లెట్లకి వెళ్తారు. ఆ రెండు గంటలూ వీధి రెండు కొసలా బారికేడ్లు పెట్టించేది లొరెట్టా స్టెక్. ఇరవై రెండేళ్లు బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించిన మనిషి. ముసుగులు కళ్లకు అడ్డం రాకుండా సర్దేది, బండి లైట్లు పడితే మెరిసే టేపు వేషాలకి అంటించేది, ఎవర్నీ ఒంటరిగా పోనిచ్చేది కాదు. చీకటి పడగానే వసారా దీపాలు కొక్కేల నుంచి దిగి, పిల్లల వెంట పక్కింటి దాకా నడిచి, తమ చోటికి తిరిగి వెళ్లేవి. పెద్దవాళ్లు వాటికి తోవ ఇచ్చేవాళ్లు.

ఒక ఏడు లొరెట్టా మనవరాలు, ఆరేళ్ల టెస్సా, కాకి వేషం కట్టింది. రెక్కల మీది టేపు పీకేసింది.

"కాకికి టేపు ఉంటుందా అమ్మమ్మా?"

"పదికాలాలు బతికే కాకికి ఉంటుంది," అంటూ లొరెట్టా మళ్లీ అంటించింది. వీధిలోకి వెళ్లగానే టెస్సా మళ్లీ పీకేసింది.

మూడో ఇంటి వెర్నన్ డాల్‌కి టీవీలో ఆట మొదలయ్యేలోగా ఇల్లు చేరాలి. పక్క వీధిలో బండి ఆపి నడిచొస్తే ఐదు నిమిషాలు. దిగి, బారికేడ్ పక్కకి లాగేసి, ట్రక్కు లోపలికి తోలాడు.

లొరెట్టా ఎవరి బూటు తాడో కడుతూ తలెత్తింది. ఆగి ఉన్న రెండు కార్ల మధ్య నుంచి నల్లని కాకి రోడ్డు మీదికి వస్తోంది. పరిగెత్తినా అందదు. బండ్లని ఆపడం అలవాటైన చెయ్యి పైకి లేచింది.

వీధిలోని ఇరవై ఆరు దీపాలూ పరుగున వచ్చి ట్రక్కు ముందు గోడకట్టాయి. వెలుగు తప్ప ఏమీ కనపడక వెర్నన్ బ్రేకు బలంగా తొక్కాడు. కాకి ముక్కుకి జానెడు దూరంలో బండి ఆగింది.

"అమ్మమ్మా, నా చాక్లెట్లు పడిపోయాయి," అంది టెస్సా.

వీధంతా చప్పట్లు మోగాయి. పిల్లలు దీపాలతో కలిసి ఊరేగారు. గడియారం తప్పని లొరెట్టా ఆ రాత్రి పది నిమిషాలు ఎక్కువ ఇచ్చింది.

"నేను మెల్లగానే వచ్చాను లొరెట్టా," అన్నాడు వెర్నన్.

"నాకెందుకు? నీ దీపానికి చెప్పుకో," అంది ఆవిడ.

బంపరుకి అందరికంటే దగ్గరగా నిలబడింది ఆయన వసారా దీపమే. గాజు పగిలింది. మిగతావి ఇళ్లకి వెళ్లాయి. అది మాత్రం టెస్సా వెంట వెళ్లి, లొరెట్టా వసారాకెక్కి అక్కడే ఉండిపోయింది.

వెర్నన్ కొత్త బల్బులు పెట్టాడు, తీగలు మార్పించాడు. ఆ వసారా వెలగలేదు. పదకొండేళ్లుగా ప్రతి హాలోవీన్‌కీ ఒళ్లో గిన్నె నిండా చాక్లెట్లతో తలుపు వెనక కూర్చుంటాడు. చీకటి ఇంటి మెట్లు ఎక్కొద్దని అక్కడి తల్లులంతా పిల్లలకి నేర్పుతారు. పోయినేడు ఆయన సొంత మనవడే, సంచీ ఊపుకుంటూ, ఆ గుమ్మం ముందు నుంచే పక్కింటికి వెళ్లిపోయాడు.