కొట్టేసిన రెండు రోజులు

ఏడింటి డ్యూటీకి అయిదింటికే ఇల్లు వదిలే సావీని చూస్తే ఆంజనేయులుకు నవ్వొచ్చేది. అతను కాకినాడ నుంచి వచ్చి ఏడాదైన ట్రాఫిక్ ఇంజనీరు. 1998లో దక్షిణాఫ్రికాలో, డర్బన్ దగ్గరి ఒట్టావా అనే చిన్న ఊళ్లో ఆవిడ ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాడు. ఆవిడది డర్బన్‌లో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని. ఏడు కాగానే గేటు మూసేస్తారు. మూడుసార్లు ఆలస్యమైతే ఉద్యోగం ఊడినట్టే. అప్పటికే రెండయ్యాయి, అందుకే ఆవిడకి ఆ ముందుజాగ్రత్త.

ఇంజనీరు బుద్ధి ఊరుకుంటుందా! "అక్కా, స్టాప్‌వాచీ పెట్టుకుని ఇరవై రోజులు ఆ రోడ్డు మీద కారు నడిపాను. సగటున నలభై అయిదు నిమిషాలు. ఆరింటికి బయల్దేరితే చాలదూ? హాయిగా ఇంకో గంట పడుకో," అన్నాడు తెగ తెలిసినవాడిలా.

మోకాళ్ల నొప్పులతో నిద్రపట్టని మనిషికి తెల్లవారుజామున గంట నిద్రంటే మాటలా? "ఇంజినీరువి, నీకు తెల్దా బాబూ," అని ఒప్పుకుంది.

మూడు వారాలు దివ్యంగా గడిచాయి. నాలుగో వారం వాన కురిసి, పెద్ద కూడలిలో సిగ్నల్ దీపాలు ఆరిపోయాయి. ఆవిడెక్కిన, పదిహేనుమందితో కిక్కిరిసిన టాక్సీ వ్యాను అంగుళం కదల్లేదు. సావీ చేరేసరికి ఏడూ ఇరవై. గేటు మూసేశారు.

సాయంత్రం ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "నీ నంబర్ రైటే బాబూ. నా రోజే బ్యాడ్," అంది.

ఆంజనేయులు మనసు చివుక్కుమంది. తప్పు ఆవిడది కాదు, రోడ్డుదని తేల్చేద్దామని మర్నాడు కాగితాలు చంకన పెట్టుకుని ఆవిడతో ఫ్యాక్టరీకి వెళ్లాడు. సూపర్‌వైజర్ క్లైవ్ చెడ్డవాడేం కాదు, ఓపిగ్గానే చూశాడు.

"సగటు నలభై అయిదే కదా? ఆరింటికి బయల్దేరినావిడ ఎందుకు అందుకోలేదు?"

"రోజూ అలా ఉండదండీ. ఇదిగో, ఇది వాన రోజు. ఇది సిగ్నల్ చెడిన రోజు. రెండుసార్లూ ఎనభై నిమిషాలు పట్టింది."

"వీటి మీద ఎర్రగీత ఉందే. ఎవరు కొట్టేశారు?"

ఆంజనేయులు ఆ ఎర్రగీతల వైపు చూశాడు. మామూలు రోజులు కావు, సగటును పాడుచేస్తాయని ఆ గీతలు గీసింది తనే. లెక్క ఎంత శుభ్రంగా వచ్చిందో అని మురిసిపోయాడు కూడాను.

"నేనే."

"మీరే లెక్కలోంచి తీసేసిన రోజుల్ని నన్ను లెక్కలోకి తీసుకోమంటారా?" అన్నాడు క్లైవ్, కాగితాలు తిరిగిస్తూ.

గేటు బయట సావీ అన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అతను పక్కనే కూలబడ్డాడు. ఏం జరిగిందో చెప్పాల్సిన పనిలేకపోయింది.

"ఆ రోడ్డుకి రెండు గంటలు చేతిలో పెట్టుకునే బయల్దేరాలి అక్కా," అన్నాడు చివరికి.

"అది నాకు తెల్సు గదా బాబూ," అంది సావీ. ఆవిడ ఇంకా గేటువైపే చూస్తోంది.