డిమ్ము మావయ్య

పెన్నుకి మూత కూడా లేదు, మూత ఎక్కడో పారేసుకున్న పెన్నిచ్చి సంతకం పెట్టమంటున్నాడు, అనుకున్నాడు డ్రైవరు, అనుకుని ఆ పెన్నుని కాగితం మీద అడ్డంగా పడేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా స్టీరింగు తిప్పిన చేతులు, ఊరికే కూర్చోవడం వాటికి చేతకాదు, వేళ్ళు మోకాలి మీద గేర్లు మారుస్తూనే ఉన్నాయి, బల్లకి అవతల ఆస్పత్రి బస్సుల మేనేజరు గారు, పోయినేడాది వచ్చిన కుర్రాడు, అతని అల్లుడి వయసుంటుంది, తొందరేం లేదు పెద్దాయనా, తీరిగ్గా చదువుకోండి అంటున్నాడు, చదవడానికేముంది నా మొహం, నాలుగే ముక్కలు, నిన్న సాయంత్రం ఆస్పత్రి స్టాఫు బస్సు నడుపుతూ నేను చూపు ఆనక రోడ్డు మధ్యకి వచ్చేశాను, ఎదురొస్తున్న మేనేజరు గారి కారుకి బస్సు తగిలించాను, తప్పు నాది, ఇకమీదట బస్సు నడపను, కింద అతని పేరు ముందే టైపు చేయించి ఉంచారు, ఎంత మర్యాద, శుభలేఖలో వేసినట్టు వేశారు, సంతకం పెడితే టైర్ల స్టోర్లో ఫ్యాను కింద కుర్చీ, పెట్టకపోతే ఇవాళే ఇంటికి, పెట్టేసి రండి బాబూ అంది పొద్దున్న అతని భార్య, చొక్కా గుండీ తనే పెడుతూ, ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది, అద్దం ముక్క కోసం మీరు పంతానికి పోతే నేను ఎవరికి చెప్పుకోను, అద్దం ముక్క కాదే, అనబోయాడు, మరేమిటో చెప్పడం రాక చెప్పులు వేసుకున్నాడు.

అద్దం ముక్క కాదు, నిన్న సాయంత్రం ఆరైంది, ఆకాశం ఇంకా ఎర్రగానే ఉంది, పొగమంచు లేదు, వాన లేదు, కనీసం దుమ్మైనా లేదు, బస్సులో రాత్రి డ్యూటీకెళ్ళే నర్సులు పంతొమ్మిది మంది, ఎదురుగా కారొకటి, పైన రెండు హెడ్ లైట్లు, కింద బంపర్లో ఇంకో రెండు ఫాగ్ లైట్లు, నాలుగూ భగభగా వెలిగించుకుని పెళ్ళి ఊరేగింపులా వస్తోంది, ఇతను తన లైట్లు కిందకి దించి డిమ్ము చేశాడు, అటునించి ఉలుకూ లేదు పలుకూ లేదు, మళ్ళీ చేశాడు, సైకిలొచ్చినా ఆవొచ్చినా డిమ్ము చేస్తాడనే నర్సులందరూ అతన్ని డిమ్ము మావయ్య అంటారు, ముందు సీట్లో కూర్చునే పొట్టి నర్సు కిసుక్కున నవ్వి ఆయన నీతో మాట్లాట్టం లేదు మావయ్యా అంది, ఆ నవ్వు వినబడుతూ ఉండగానే రోడ్డు మాయమైపోయింది, గీత లేదు, అంచు లేదు, అంతా తెలుపు, పాలు కళ్ళల్లో పోసినట్టు, అప్పుడతను, అప్పుడతను ఏం చేశాడు, ఎడమకి తీశాడా, తీశాననే అనుకుంటున్నాడు, తీశావా లేక తీశాననుకుంటున్నావా, టప్పున బస్సు కుడివైపు సైడు అద్దం ఎగిరిపోయింది.

ఫాగ్ లైట్లు నేనేం కొని పెట్టించుకోలేదు కదా, కారు కంపెనీవాళ్ళు ఇచ్చినవే, ఇచ్చింది వేసుకోడానికేగా అంటున్నాడు మేనేజరు, ఇతను తలెత్తి, వైపర్లు కూడా కంపెనీవాళ్ళిచ్చినవే సార్, వాన లేనప్పుడు ఆడిస్తున్నారా అన్నాడు, పక్క బల్ల దగ్గర కాగితాలు సర్దుతున్న గుమాస్తా దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, మేనేజరు నవ్వలేదు, బండికి అందంగా ఉంటాయి పెద్దాయనా, అందరూ వేస్తున్నారు, ఎవ్వరికీ లేని బాధ మీకే ఎందుకొచ్చింది, అందమా, లోపల కూర్చున్న మీకు ఆ అందం ఎలా కనిపిస్తుంది సార్, అది చూసి చచ్చేది ఎదురొచ్చేవాడు కదా, ఈ మాట మాత్రం పైకి అనలేదు, ఎందుకంటే మేనేజరు అప్పుడే ఇంకో మాట అడిగాడు, అసలు కళ్ళ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు మీరు.

ఇవాళ పొద్దున్నే, అనుకున్నాడు లోపల, ఆ పొట్టి నర్సే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కళ్ళ డాక్టరు గారి గది ముందు నిలబెట్టింది, నేనొచ్చి సాక్ష్యం చెప్తా మావయ్యా, నువ్వు బస్సు ఆపేశావు, నేను చూశాను అంది, వద్దు తల్లీ, నీ ఉద్యోగం నువ్వు చూసుకో అని పంపేశాడు, డాక్టరు గారు కంట్లోకి లైటు వేసి చూసి, ఎడమ కంట్లో పొర మొదలైంది, ఎదురు వెలుగు పడితే మీకు మిగతావాళ్ళకన్నా ఎక్కువ చెదురుతుంది అన్నారు, ఆ చీటీ ఇప్పుడు జేబులో ఉంది, నిప్పుకణికలా ఉంది, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు, అది గనక ఈ కుర్రాడి కంటబడితే ఇక మాట్లాడ్డానికి ఏముంటుంది, అదిగో చూశారా, నేను చెప్పలా, అంటాడు, ఛీ, దొంగలా జేబు మీద చెయ్యేసుకుని కూర్చున్నాను, నేనేం దొంగతనం చేశానని, అనుకుంటూ ఉంటే ఎడం మోచెయ్యి కుర్చీ చేతికి తగిలి చురుక్కుమంది, అక్కడ దెబ్బ ఉంది, నిన్నటిదే, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగినప్పుడు సీటు రేకు కొట్టుకుంది, అంతకుముందు ఎడమ చక్రాలు మట్టిలోకి దిగిన కుదుపు, కరకరమన్న ఆ బ్రేకు చప్పుడు, వెనక టిఫిను డబ్బాలు జారిన చప్పుడు, నర్సులు అయ్యో అన్న చప్పుడు, అవన్నీ అయ్యాకే కదా అద్దం పోయింది, హ్యాండ్‌బ్రేకు వేసిన బస్సు రోడ్డు మధ్యకి ఎలా వెళ్తుందిరా, అది నిలబడి ఉంది, ఇతని కళ్ళు చూడకపోయినా చెయ్యి చూసింది, హమ్మయ్య.

నాకేం కనబడలేదు బాబూ, తప్పైపోయింది, ఎవరా మాటన్నది, ఎప్పటి మాట ఇది, గుడ్లమ్ముకునే ఆయన, అప్పుడితనికి ఇరవై నాలుగేళ్ళు, కొత్తగా చేతికొచ్చిన లారీ, యజమాని మోజుపడి ముందు పసుప్పచ్చ ఫాగ్ లైట్లు పెట్టించాడు, ఇలాగే వెన్నలాంటి సాయంత్రం, మంచూ లేదు మన్నూ లేదు, మనం రాజులా రెండూ వెలిగించుకుని వెళ్తుంటే ఎదురొచ్చిన సైకిలు కాలవలోకి దిగిపోయింది, దిగి చూస్తే మోకాలిలోతు నీళ్ళలో ఆయన, చొక్కా నిండా పచ్చసొన, ఒక్క తిట్టు తిట్టలేదు, పైగా చేతులు జోడించి తప్పైపోయింది అన్నాడు, ఆ మాటని ఇతను పుచ్చుకున్నాడు, సిగ్గు లేకుండా పుచ్చుకున్నాడు, చూసుకుని నడుపు పెద్దాయనా అని బుద్ధి కూడా చెప్పాడు, పక్కన కూర్చున్న సీనియరు, ఇతనికి పని నేర్పినాయన, కిందకి దిగి ఆ రెండు లైట్ల వైర్లూ చేత్తో పీకి పారేసి, గుడ్లాయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, నువ్వు వెనక ఎక్కరా అన్నాడు, డిమ్ము చెయ్యడం ఆ రోజునుంచే, అందరూ అది మంచితనమనుకుంటారు, పేరు కూడా పెట్టారు, అది మంచితనం కాదు, ఆ పచ్చసొన ఇంకా చేతికి అంటుకునే ఉంది, ఆ క్షమాపణ నేనాయనకి చెప్పాల్సింది, ఆయన నాకు చెప్పి వెళ్ళిపోయాడు, ఇప్పుడు అదే మాట టైపు చేయించి నా ముందు పెట్టాడు ఈ కుర్రాడు, పెద్దాయనా అంటూ, అచ్చం నేనన్నట్టే.

అతను జేబులోంచి చీటీ తీసి బల్లమీద పెట్టాడు, చదువుకోండి సార్, తొందరేం లేదు, ఎడమ కంట్లో పొరుంది, ఆపరేషనయ్యి డాక్టరు గారు సరేననేదాకా నేను బస్సెక్కను, అది నా అంతట నేను చెప్తున్నాను, మీ కారు లైట్ల సంగతి దీంతో కలపకండి, అన్నాడు, మేనేజరు చీటీ వంకా అతని వంకా చూసి, అంటే ఒప్పుకున్నట్టేగా పెద్దాయనా అన్నాడు, ఒప్పుకున్నదేదో రాస్తాను ఉండండి అని పెన్ను తీసుకుని మొదటి వాక్యం కొట్టేశాడు, రెండోదీ కొట్టేశాడు, తప్పు నాది అన్నదాని మీద గీత ఇంకొంచెం గట్టిగానే పడింది, కాగితం చిరిగితే చిరిగింది, ఇకమీదట అన్నది కొట్టేసి కన్ను బాగయ్యేదాకా అని దిద్దాడు, కింద ఖాళీలో తన వంకర అక్షరాలతో ఎదురు లైట్లకి నాకు రోడ్డు కనబడలేదు, బస్సు పక్కకి తీసి ఆపాను, ఆపిన బస్సుకి కారు తగిలింది అని రాశాడు, ఇది ఇలా పైకి వెళ్తే మీ ఉద్యోగం ఏమవుతుందో తెలుసా అంటున్నాడు మేనేజరు, తెలుసు, బాగా తెలుసు, సాయంత్రం ఇంట్లో ఆ చీటీ గురించీ దీని గురించీ ఒకేసారి చెప్పాలి, ఆవిడ ఏడుస్తుంది, తిడుతుంది, తిట్టనీ, కనబడనివాడు ఆగాలి, నేను ఆగాను, వెలుగున్నవాడు దించాలి, అతను దించలేదు, ఇందులో నేను చేతులు జోడించాల్సింది ఎక్కడా లేదు, అనుకుని సంతకం పెట్టాడు.