సున్నా అని తేలిన సంపుటి

నేను ఒక గ్రంథాలయ శాస్త్ర పత్రిక సంపుటిని. ఒకే ఏడాది వచ్చిన నాలుగు సంచికలను కలిపి కుట్టి, ఎర్ర అట్ట వేసి, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో నిలబెట్టారు. ముప్ఫై ఏళ్లు నన్ను ముట్టుకున్నది దుమ్ము దులిపేవాళ్లే. జనంచేత పుస్తకాలు ఎలా చదివించాలో చెప్పేదాన్ని, నన్ను మాత్రం ఎవరూ చదవలేదు.

అప్పుడు హైమవతి అనే పరిశోధకురాలు వచ్చింది. మా పత్రిక పాతికేళ్ల సంచికల మీద గణాంక విశ్లేషణ చేసి డాక్టరేట్ తెచ్చుకోవాలని ఆమె పట్టుదల. రెండేళ్లపాటు వచ్చినప్పుడల్లా నన్ను తెరిచేది. చదివిందనుకునేరు, లెక్కపెట్టింది. ఏ వ్యాసానికి రచయితలెందరు, పేజీలెన్ని, ఉటంకింపులెన్ని. పని కాగానే నన్ను తుడిచి, నా చోట పెట్టి వెళ్లేది. అంత పద్ధతైన పిల్ల.

ఆ పద్ధతే నా కొంప ముంచింది. మా గ్రంథాలయంలో సాయంత్రం బల్లల మీద మిగిలిన పుస్తకాలనే వాడినవిగా రాసుకుంటారు. చూసినవి బల్లమీదే వదలండి అని గోడమీద రాసే ఉంది. గోడను లెక్కపెట్టే పని లేదు కాబట్టి ఆమె అటు చూడలేదు. నా వాడకం సున్నా అని తేలింది. గ్రంథాలయాధికారి పురుషోత్తం గారు తొలగింపు జాబితామీద సంతకం పెట్టేశారు. నన్ను తాడుతో కట్టి, తూకానికి అమ్మేయడానికి వరండాలో పడేశారు. నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు హైమవతి పరుగున వచ్చింది. వారంలో సిద్ధాంత గ్రంథం సమర్పించాలి, నాలోంచి రాసుకున్న పట్టికలు ఇంకా సరిచూసుకోలేదు. నేను లేకపోతే పాతికేళ్లలో ఒక ఏడాది ఖాళీ. తాను రెండేళ్లుగా నన్ను వాడుతూనే ఉన్నానని, వరండాలోకి వచ్చిన పురుషోత్తం గారి దగ్గర మొత్తుకుంది.

"లెక్కలో లేదమ్మా. లెక్కను నమ్మమని చెప్పేది మన శాస్త్రమేగా," అన్నారాయన.

ఆమె బిక్కమొహంతో వరండాలోనే కూలబడి, నా కట్టు విప్పి ఊరికే పేజీలు తిప్పింది. ఒకచోట చేయి ఆగింది. ఆ వ్యాసానికి రచయిత ఒకరు, పేజీలు ఆరు, ఉటంకింపులు పదకొండు అని ఎప్పుడో రాసుకుంది. ఇప్పుడు మొదటిసారి చదివింది, అదీ పైకి.

"చూసిన పుస్తకాన్ని చక్కగా సర్దిపెట్టే పాఠకుడు ఏ లెక్కలోకీ రాడు. సున్నాను నమ్మి పుస్తకాన్ని తీసేయకూడదు."

"బాగానే చెప్పాడే. ఎవరమ్మా అతను?" అన్నారు పురుషోత్తం గారు.

ఆమె వెనక్కి తిప్పి పేరు చూసి, నన్ను ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు సవరించుకుని చూస్తే, అక్కడున్నది తన పేరే. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆయన రాసిన వ్యాసమది. ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ ఎక్కడా ఉటంకించలేదు. రాసిన ఆయనకే గుర్తు లేదు.

జాబితాలో నా వరుస కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. ఈ వ్యాసాన్ని తన గ్రంథంలో ఉదహరించవచ్చా అని హైమవతి అడిగింది.

"నీ ఇష్టం," అన్నారాయన తలెత్తకుండా. నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చారు.

"ఇంటిపేరు తప్పు పడకుండా చూడమ్మా."